వాగు బాగుపడిందని ఎప్పుడు చెప్పొచ్చు?

విజయవాడ చుట్టుపక్కల ఏ వాగు పని జరిగినా చివర్లో వినిపించే లెక్క దాదాపు ఒకేలా ఉంటుంది. ఎన్ని కిలోమీటర్ల మేర పూడిక తీశారు, ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి ఎత్తారు, ఎన్ని పొక్లెయిన్లు ఎన్ని రోజులు పనిచేశాయి. బిల్లు పెట్టాలంటే ఈ లెక్కలు కావాల్సిందే. అయితే ఇవన్నీ పనికి కొలతలు, వాగుకు కొలతలు వేరే ఉన్నాయి. పని అయ్యాక వచ్చిన మొదటి వరదను వాగు ఎలా మోసింది, రెండో వానాకాలం దాటేసరికి ఒడ్డు ఎక్కడుంది, నడివేసవిలో ఆ నీళ్లలో ఏం బతికుంది? ఇవి తెలియకుండా వాగు బాగుపడిందనడం తొందరపాటే.

బుడమేరు విషయంలో ఈ మాట మరీ గట్టిగా చెప్పుకోవాలి. మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడను ఉత్తరం వైపు నుంచి చుట్టుకుంటూ పోయి కొల్లేరులో కలిసే ఏరు ఇది. వరద ఎక్కువైనప్పుడు వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నీటిని డైవర్షన్ కాలువలోకి మళ్లించి, ఇబ్రహీంపట్నం వైపు తీసుకెళ్లి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. 2024 ఆగస్టు నెలాఖరు వానలకు ఆ ఏర్పాటు తట్టుకోలేకపోయింది. కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక లాంటి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. గండ్లు పూడ్చడానికి సైన్యాన్ని కూడా దించాల్సి వచ్చింది. అదే సమయంలో బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం ఉంది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు డైవర్షన్ కాలువ నీళ్లు నదిలోకి దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. అవతలి ఒడ్డున కొండవీటి వాగుదీ ఇదే సమస్య. అందుకే ఉండవల్లి దగ్గర ఆ వాగు నీళ్లను 5,000 క్యూసెక్కుల మేర పంపులతో ఎత్తి కృష్ణలో పోసే పథకం 2018లో మొదలైంది.

ఆ వరద తర్వాత బుడమేరును బాగుచేయాలన్న మాట గట్టిగా వినిపిస్తోంది. గట్లు బలపరచడం, వెడల్పు చేయడం, ఆక్రమణలు తీయడం గురించి చర్చ నడుస్తోంది. ఇవన్నీ అవసరమే. దీంతో పాటే తేలాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. పని పూర్తయిన ముక్కను ఆ తర్వాత ఎవరు, ఎన్నాళ్లు, దేంతో కొలుస్తారు? ఇది ముందే తేల్చుకోకపోతే ఖర్చు పెట్టిన డబ్బు ఫలితం ఇచ్చిందో లేదో తెలుసుకునే దారే ఉండదు.

ఈ లోపం మనకు మాత్రమే పరిమితం కాదు. అమెరికాలో నదులు, వాగుల పునరుద్ధరణ పనుల రికార్డులు 37,000కు పైగా పోగుచేసి చూసిన అధ్యయనం 2005లో వచ్చింది. వాటిలో ఏదో ఒక రకమైన పర్యవేక్షణ జరిగినట్లు రాసి ఉన్నవి దాదాపు 10 శాతమే. ఏటా వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టే దేశంలో పరిస్థితి అది. 2010లో వచ్చిన మరో పరిశీలన ఇంకా ఇబ్బంది పెట్టే విషయం బయటపెట్టింది. వాగులకు వంపులు తిప్పి, రాళ్లు పేర్చి, మడుగులు తవ్వి ఆకారాన్ని సరిచేసిన 78 పనులను చూస్తే, నీటి పురుగుల వైవిధ్యం లెక్కకు నిలిచేంతగా పెరిగినవి రెండే తేలాయి. చూడ్డానికి వాగు చక్కగానే ఉంది, జీవం మాత్రం తిరిగి రాలేదు. కొలిచారు కాబట్టి ఆ సంగతైనా తెలిసింది.

కొలత పొక్లెయిన్ వాగులోకి దిగకముందే మొదలవ్వాలి. పని అయ్యాక ఎంత జాగ్రత్తగా కొలిచినా, ముందు ఎలా ఉండేదో తెలియకపోతే పోల్చడానికి ఏమీ మిగలదు. ఫ్లోరిడాలో కిస్సిమ్మీ అనే వంకరటింకర నదిని 1962 నుంచి 1971 మధ్య తిన్నని కాలువగా మార్చారు. చిత్తడి నేలలు ఎండిపోయి పక్షులు తగ్గిపోయాక, తప్పు తెలుసుకుని పాత వంపుల్లోకి నీళ్లు మళ్లించే పని 1999లో మొదలుపెట్టి 2021లో ముగించారు. అక్కడ పని మొదలుకాకముందే నీటిలో ఆక్సిజన్, చేపలు, మొక్కలు, పక్షుల లెక్కలు తీసి పెట్టుకున్నారు. తర్వాత కొంగలు తిరిగొచ్చాయని చెప్పినప్పుడు ఆ మాటకు బలం వచ్చింది ఆ పాత లెక్కల వల్లే.

ముందు, తర్వాత కొలిస్తే సరిపోతుందా అంటే, అదీ చాలదు. ఒక ఏడాది వానలు బాగా పడితే ఏ వాగైనా కళకళలాడుతుంది. అది పని వల్ల వచ్చిన మార్పా, వాన వల్ల వచ్చిందా? తేడా తెలియాలంటే పని చేయని ముక్క ఒకటి పక్కన పెట్టుకుని, రెండింటినీ ఒకే వారంలో, ఒకే పద్ధతిలో కొలవాలి. రెండు చోట్లా ఒకేలా మారితే ఆ ఘనత వానదే. బుడమేరుకైతే ఎగువన పల్లెల మధ్య ఇంకా కొంత సహజంగా ఉన్న ముక్క ఒకటి, నగరం పక్కన పని జరగని ముక్క ఇంకొకటి పోలికకు పెట్టుకోవచ్చు. ఒకటి వాగు ఎలా ఉండాలో చూపిస్తుంది, రెండోది ఏమీ చేయకపోతే ఎలా ఉంటుందో చూపిస్తుంది.

అడ్డుకోత కొలత, అంటే వాగును ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు అడ్డంగా కొలవడం, ఎలా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. సింగ్ నగర్ వైపు అర కిలోమీటరు ముక్కను బాగుచేశారనుకుందాం. వాగుకు అటూ ఇటూ వరద అందని ఎత్తులో కాంక్రీటులో పాతిన ఇనుప కడ్డీలు రెండు ఉంటాయి. వాటి మధ్య టేపు బిగించి కడతారు. ఒకరు ఎత్తుల తేడా కొలిచే లెవెల్ మిషన్ దగ్గర నిలబడతారు. ఇంకొకరు పొడవాటి స్కేలు పట్టుకుని అర మీటరుకొకసారి ఆగుతూ ఒడ్డు మీద నుంచి నీళ్లలోకి, నీళ్లలో నుంచి అవతలి ఒడ్డుకు నడుస్తారు. నడుము లోతు బురదలో స్కేలు అడుగు ఎక్కడ ఆనిందో తేల్చుకోవడమే అసలు కష్టం. మెత్తటి బురద పైన ఒక లెక్క, కడ్డీ గుచ్చితే గట్టి నేల తగిలే చోట ఇంకో లెక్క. రెండూ రాసుకోవాలి, ఎందుకంటే ఆ రెండింటి మధ్య తేడానే పూడిక మందం. మరుసటి ఏడాది అదే కడ్డీల మధ్య, అదే టేపు మీద, అదే నడక.

ఇప్పుడు లెక్క చూడండి. జూన్‌లో నడివాగు లోతు 1.8 మీటర్లు ఉండి డిసెంబరుకు 1.3 మీటర్లకు వచ్చిందనుకుందాం. అర మీటరు పూడింది. అడుగున వెడల్పు 8 మీటర్లు, పొడవు 500 మీటర్లు, ముక్కంతా అదే తీరుగా పూడితే 2,000 క్యూబిక్ మీటర్ల మట్టి. టిప్పరుకు 10 క్యూబిక్ మీటర్ల చొప్పున 200 టిప్పర్లు. ఒక్క వానాకాలంలో 200 టిప్పర్ల మట్టి తిరిగి చేరిందంటే మళ్లీ పూడిక తీయడానికి టెండరు పిలిచే ముందు ఆ మట్టి ఎక్కడిదో కనుక్కోవాలి. ఎర్రటి మొరం కలిసి ఉంటే ఎగువన కొండల వైపు నేల కోసుకుపోతోందని అనుమానించాలి. నల్లగా, జిగురుగా, కంపు కొడుతూ ఉంటే అది మురుగు డ్రెయిన్లు తెచ్చి పోసింది. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు కనిపిస్తే ఎవరో రాత్రిపూట ట్రాక్టరుతో తెచ్చి పోసిన చెత్త. మూడింటికీ మందు వేరువేరు. ఎంత పూడిందన్న అంకె ఒక్కటే చూసి ఊరుకుంటే మందు తెలియదు.

ఒడ్డు కూలడం గురించి కూడా కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వరద ఉరకలేస్తున్నప్పుడు ఒడ్డు నిలబడింది కదా అని ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఈ ప్రాంతపు నల్లరేగడి ఒడ్లు చాలాసార్లు వరద తీశాకే జారిపోతాయి. నిండుగా ఉన్నప్పుడు వాగు నీళ్లే ఒడ్డును బయట నుంచి ఆనుకుని నిలబెడతాయి. నీళ్లు గబగబా దిగిపోతే ఆ ఆసరా పోతుంది, ఒడ్డు లోపలి మట్టి మాత్రం ఇంకా తడిసి బరువెక్కి ఉంటుంది. దానికి తోడు ఎండాకాలంలో రేగడి నోళ్లు తెరిచి పగుళ్లిస్తుంది, తొలకరి నీళ్లు ఆ పగుళ్లలోకి నేరుగా దిగుతాయి. అందుకే వరద తగ్గిన వారంలోపు ఒడ్డంతా నడిచి చూడాలి. ఒడ్డు అంచు నుంచి ఒకటి రెండు మీటర్ల వెనక, వాగుకు సమాంతరంగా సన్నటి పగులు కనిపించిందంటే తర్వాతి వానకు అక్కడ పెళ్ల విరిగే ప్రమాదం ఉంది. కొలత సులువే. ఒడ్డు గోడలోకి అడ్డంగా ఒక మీటరు పొడవు సన్నటి ఇనుప ఊచ దిగ్గొట్టి, చివర మాత్రం బయటికి కనిపించేలా వదలాలి. తర్వాత ఎంత పొడవు బయటపడిందో అంత ఒడ్డు కోసుకుపోయినట్టు.

అలాగని కదిలిన ప్రతి ఇసుక మేటనూ చూసి టెన్షన్ పడనక్కర్లేదు. కొత్తగా తవ్విన వాగు మొదటి రెండు మూడు వానాకాలాల్లో తనను తాను సర్దుకుంటుంది. ఒక పక్క కోసి ఇంకో పక్క మేట వేస్తుంది, మనం తవ్విన మడుగు పూడ్చి పది గజాల కింద తనకు నచ్చిన చోట తవ్వుకుంటుంది. వాగుకు ఆ చోటు ఇవ్వడం కూడా పునరుద్ధరణలో భాగమే. చిక్కంతా ఏది సర్దుబాటు, ఏది చెడిపోవడం అన్నదాంట్లో ఉంది. ఆ గీత పనికి ముందే గీసుకోవాలి. కోత ఇళ్ల వైపు ఫలానా దూరం దాటితే కలుగజేసుకోవాలి, కల్వర్టు కింద ఖాళీ ఫలానా మేరకు తగ్గితే వెంటనే తీయించాలి అని కాగితం మీద రాసి ఉండాలి. కోత పడ్డాక కూర్చుని నిర్ణయిస్తే ఆ రోజు ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాటే చెల్లుతుంది.

నీటి ప్రవాహం కొలవడానికి పెద్ద యంత్రాలు లేకపోయినా మొదలుపెట్టొచ్చు. వంతెన స్తంభం మీద మీటర్లు, సెంటీమీటర్లు రంగుతో వేసి, రోజూ ఒకే వేళకు, వరదలో గంటకోసారి చదివి రాస్తే అదే సగం పని. మిగతా సగం వేగం. తిన్నగా ఉన్న చోట 10 మీటర్ల దూరం గుర్తు పెట్టుకుని, బత్తాయి పండు ఒకటి నీళ్లలో వదిలి సెకన్లు లెక్కపెట్టాలి. 20 సెకన్లు పడితే పైనీటి వేగం సెకనుకు అర మీటరు. అడుగున నీళ్లు నెమ్మదిగా కదులుతాయి కాబట్టి 0.85తో గుణించాలి. వాగు వెడల్పు 8 మీటర్లు, సగటు లోతు 60 సెంటీమీటర్లు అయితే ప్రవాహం సెకనుకు సుమారు 2 క్యూబిక్ మీటర్లు, అంటే దాదాపు 72 క్యూసెక్కులు. ఇలా వేర్వేరు నీటిమట్టాల దగ్గర కొలిచి పెట్టుకుంటే, తర్వాత స్కేలు చదివితే చాలు, ఎన్ని క్యూసెక్కులు పోతున్నాయో అంచనా దొరుకుతుంది. అయితే ఒక జాగ్రత్త ఉంది. దిగువన నీళ్లు ఎగదన్నే రోజుల్లో ఈ లెక్క తప్పుతుంది. మట్టం పెరుగుతుంది కానీ ప్రవాహం పెరగదు. డైవర్షన్ కాలువ దగ్గరైతే ఆ పూట బ్యారేజీ దగ్గర కృష్ణ మట్టం ఎంతో పక్కనే రాసుకోకపోతే ఆ అంకెకు అర్థం ఉండదు.

ఇక వాగులో జీవం సంగతి. పచ్చగా ఉంది కదా అనేది అన్నిటికన్నా పెద్ద మోసం. గుర్రపు డెక్క కూడా పచ్చగానే ఉంటుంది, ఊదారంగు పూలతో అందంగా కూడా ఉంటుంది. మురుగులో నత్రజని, భాస్వరం దండిగా దొరికితే అది రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది, నీటి మీద చాపలా పరుచుకుని కిందికి వెలుతురు, గాలి రెండూ అందనివ్వదు. దూరం నుంచి తీసిన ఫోటోలో ఆ పచ్చదనానికీ, ఒడ్డున తుంగ, జమ్ము వేళ్లూనుకుంటున్న పచ్చదనానికీ తేడా తెలియదు.

నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచినా ఏ వేళకు కొలిచారన్నది ముఖ్యం. చేపలు, వన్యప్రాణుల కోసమైతే లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలన్నది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన గీటు. 30 డిగ్రీల వేడిలో శుభ్రమైన నీరు కూడా పట్టుకోగలిగేది సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే, అంటే మన వాగులకు మొదటి నుంచీ మిగులు తక్కువ. పాకుడు ఎక్కువగా ఉన్న నీళ్లలో మధ్యాహ్నం రెండింటికి కొలిస్తే ఎండలో అది వదిలిన ఆక్సిజన్ వల్ల అంకె బ్రహ్మాండంగా వస్తుంది. రాత్రంతా అదే పాకుడు, బురదలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ తాగేస్తాయి. తెల్లవారుజామున కొలిస్తే అదే చోట 4 కంటే బాగా కిందికి పడిపోవచ్చు. చేపలు నోళ్లు పైకి పెట్టి తేలేది ఆ వేళకే. ఆఫీసు టైములో తీసిన శాంపిల్‌తో వాగు ఆరోగ్యం గురించి నిర్ధారణకు రావడం ఎంత తప్పో దీన్ని బట్టి అర్థమవుతుంది. డ్రెయిన్ కలిసే చోటికి కాస్త ఎగువన ఒకటి, కాస్త దిగువన ఒకటి తీస్తే ఆ డ్రెయిన్ వాటా ఎంతో కూడా తేలిపోతుంది.

రసాయన పరీక్ష ఆ నిమిషంలో నీరెలా ఉందో చెబుతుంది. పురుగులైతే కొన్ని నెలల కథ చెబుతాయి. ఒక వలను బురద అంచున, తుంగ మొదళ్లలో తిప్పి, తెల్లటి ప్లాస్టిక్ ట్రేలో కడిగి రెండు నిమిషాలు కదలకుండా చూడాలి. మొదట ఆకులు, బురద తప్ప ఏమీ ఉన్నట్టనిపించదు. తర్వాత ఒక్కొక్కటే కదులుతుంది. ట్రే నిండా దారం ముక్కల్లాంటి ఎర్రటి పురుగులే మెలికలు తిరుగుతుంటే ఆక్సిజన్ అందని మురికినీళ్లని అర్థం. ఒంట్లో మన రక్తంలో లాంటి ఎర్రటి పదార్థం ఉంది కాబట్టే అవి అక్కడ బతకగలవు. తూనీగ పిల్లలు, పారదర్శకంగా ఉండే చిన్న రొయ్యలు, రెండు మూడు రకాల నత్తలు, మూడు సన్నటి తోకలున్న ఈతపురుగులు కూడా కనిపించడం మొదలైతే వాగు తేరుకుంటోంది. కాలుష్య నియంత్రణ మండలికి కూడా ఇలా పురుగుల కుటుంబాలకు మార్కులు వేసి నీటి నాణ్యత తేల్చే పద్ధతి ఉంది. అయితే కొండవాగు కొలబద్ద తెచ్చి రేగడి నేలల్లో పారే వాగుకు పెట్టకూడదు. రాళ్లకు అంటుకుని బతికే పురుగులు బురద అడుగున ఎలాగూ ఉండవు. దిగువ బుడమేరు ఎలా ఉండాలన్నది దిగువ నేలల్లోనే మురుగు సోకని కాలువను చూసి నిర్ణయించుకోవాలి.

ఒడ్డు మొక్కల విషయంలో ఎన్ని నాటారన్నది తక్కువ సంగతి, మే నెలాఖరుకు ఎన్ని మిగిలాయన్నదే ఎక్కువ సంగతి. జూలైలో నాటి సెప్టెంబరులో లెక్కపెడితే అన్నీ బతికే ఉంటాయి. బెజవాడ ఎండ రోహిణి కార్తెలో పరీక్ష పెడుతుంది. కానుగ, ఏరుమద్ది, నేరేడు, వావిలి లాంటివి వేళ్లు లోతుకు దించుకుని ఆ ఎండను దాటితే ఒడ్డును పట్టుకుంటాయి. ఒడ్డు జారకుండా పరిచే కొబ్బరి పీచు చాపలు రెండు మూడేళ్లలో కుళ్లిపోతాయి, ఆలోగా వేళ్లు ఆ పని అందుకోవాలి. మధ్యలో సర్కారు తుమ్మ, తూటికాడ చొరబడితే నాటినవాటి చోటు అవి ఆక్రమిస్తాయి, కాబట్టి బతికిన వాటితో పాటు పిలవకుండా వచ్చినవాటినీ లెక్కపెట్టాలి.

కాలపట్టిక పెద్దదేమీ కాదు. మే చివర్లో ఒకసారి, పెద్ద వరద తీసిన వారంలోపు ఒకసారి, తుపాన్లు దాటాక డిసెంబరులో ఒకసారి. ఇలా కనీసం ఐదేళ్లు. అమెరికాలో వేరేచోట వాగులకు కలిగించిన నష్టానికి పరిహారంగా చేసే ఇలాంటి పనులకు కనీసం ఐదేళ్ల పర్యవేక్షణ ఉండాలని 2008 నుంచి నిబంధనే ఉంది. ఇక్కడ చాలా పనుల్లో బిల్లు పాసయ్యాక వాగు వైపు చూసే బాధ్యత ఎవరిదో తెలియదు. అంచనా వేసేటప్పుడే ఈ ఐదేళ్ల కొలతలకు విడిగా పద్దు పెట్టాలి. నగరంలో సివిల్ ఇంజినీరింగ్, జువాలజీ చదివే పిల్లలకు కొదవ లేదు, లెవెల్ మిషన్లు కాలేజీల్లోనే ఉన్నాయి. వాగు ఒడ్డున ఉండేవాళ్ల దగ్గర ఇంకో కొలత ఉంది. 2024లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఇంటి గోడ మీద చూపించగలరు. సున్నాలు వేసి ఆ చార చెరిగిపోకముందే ఆ ఎత్తును లెవెల్ మిషన్‌తో పట్టి వంతెన స్తంభం మీది స్కేలుతో ముడిపెట్టాలి. అప్పుడు స్తంభం మీద నీళ్లు ఎక్కడున్నాయో చూసి, 2024 మట్టానికి ఇంకా ఎంత దూరం ఉందో ఎవరైనా చెప్పగలుగుతారు. ఆ రీడింగు రోజూ వార్డు సచివాలయం బోర్డు మీద రాయడానికి ఒక సుద్దముక్క చాలు.